ఈ వారంలో తేల్చండి: ఎన్‌బీఏ యజమానులకు, ఆటగాళ్లకు డల్లాస్ నుంచి బహిరంగ లేఖ

అర్వింగ్, టెక్సస్
2011 నవంబర్ 20

కమిషనర్ డేవిడ్ స్టెర్న్ గారికి, ముప్పై జట్ల యజమానులకు, ఆటగాళ్ల తరఫున మాట్లాడుతున్న బిల్లీ హంటర్ గారికి, డెరెక్ ఫిషర్ గారికి, ఆటగాళ్లందరికీ,

నమస్కారం.

కొత్త ఒప్పందం కుదరక అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జూలై నుంచి అంతా ఆగిపోయింది. క్రిస్మస్ రోజున మా డల్లాస్ మావెరిక్స్‌కి సొంత ఊళ్లో మయామీ హీట్‌తో మ్యాచ్ ఉంది. అది ఇంకా రద్దు కాలేదు. డిసెంబర్ 15 దాకా ఉన్నవన్నీ పోయిన మంగళవారం తీసేశారు. మొత్తం 324 మ్యాచ్‌లు, అంటే సీజన్‌లో పావు వంతుకు పైగా పోయింది. 1999లో మీరు ఒప్పందానికి వచ్చింది జనవరి 6న, మొదటి మ్యాచ్ జరిగింది ఫిబ్రవరి 5న. కాగితాలు రాసుకోవడానికి, ఆటగాళ్లను తీసుకోవడానికి, ప్రాక్టీసుకీ కలిపి అప్పుడు ముప్పై రోజులు పట్టింది. ఈసారీ అంతే పడితే, క్రిస్మస్‌కి ఆట మొదలవ్వాలంటే మీ మధ్య మాట ఈ శుక్రవారానికల్లా కుదరాలి. మధ్యలో గురువారం థాంక్స్‌గివింగ్ ఉంది. అందుకే ఆలస్యం చేయకుండా ఇవాళే రాస్తున్నాను.

ఇదే విషయం ఇంగ్లీషులో లీగ్ ఆఫీసుకీ, ప్లేయర్స్ అసోసియేషన్‌కీ విడిగా పంపాను. ఇక్కడ తెలుగులో రాయడానికి కారణం, ఈ కోపం నా ఒక్కదానిదే కాదు. అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉన్న మా తెలుగువాళ్లలో ఎంతోమంది ఈ ఊరికి వచ్చాకే బాస్కెట్‌బాల్ నేర్చుకున్నారు. ఇండియాలో ఉండగా మాకు తెలిసిన ఆట క్రికెట్. ఇక్కడ ఆఫీసులో నలుగురితో కలవడానికి మావెరిక్స్ గురించి మాట్లాడటం మొదలుపెట్టిన వాళ్లం, తర్వాత ఆ జట్టు ఓడితే నిద్ర పట్టని వాళ్లమయ్యాం. 2006 ఫైనల్స్‌లో 2-0తో ముందుండి కూడా మయామీకి నాలుగు మ్యాచ్‌లు వరసగా పోగొట్టుకోవడం చూశాం. 2007లో 67 మ్యాచ్‌లు గెలిచి మొదటి రౌండ్‌లోనే గోల్డెన్ స్టేట్ చేతిలో ఇంటికి రావడం చూశాం. ఈ ఏడాది ఏప్రిల్ 2న ముంబైలో ఇండియా వరల్డ్ కప్ గెలిచింది, జూన్ 12న మయామీలో మా మావెరిక్స్ స్టార్ డర్క్ నోవిట్స్కీ ఎన్‌బీఏ కప్పు ఎత్తాడు. మా ఇళ్లలో ఇలాంటి సంవత్సరం మళ్లీ రాదనుకున్నాం. సరిగ్గా పద్దెనిమిది రోజులు గడిచాక ఒప్పందం గడువు తీరిపోయింది, మర్నాడు మీరు తలుపులు మూసేశారు.

మీరు అన్నాను, ఎవరినన్నానో చెప్పాలి. మా ఆఫీసులో చాలామంది "ప్లేయర్స్ స్ట్రైక్ చేస్తున్నారట కదా, కోట్లు వస్తున్నా చాలదా వాళ్లకి" అంటున్నారు. ఇది సమ్మె కాదు. 2005 నాటి ఒప్పందం జూన్ 30తో ముగిసింది. అర్ధరాత్రి దాటగానే, జూలై 1న, యజమానులు లాకౌట్ ప్రకటించారు. అప్పటి నుంచి ఆటగాళ్లు జట్టు జిమ్‌లో అడుగు పెట్టకూడదు, కోచ్‌లు వాళ్లతో మాట్లాడకూడదు. నెల్లిమర్ల జూట్ మిల్లు చరిత్ర తెలిసిన విజయనగరం వాళ్లకి లాకౌట్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అక్కడ గేటు బయట నిలబడ్డవి రోజు కూలీతో బతికే కుటుంబాలు. ఇక్కడి ఆటగాళ్ల సగటు జీతం ఏడాదికి 50 లక్షల డాలర్లు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ తాళం వేసింది ఎవరో, దాన్ని ముందుగా తీయగలిగింది ఎవరో మాత్రం అభిమానులు తెలుసుకోవాలి.

ఇక లెక్కలు. నాలుగున్నర నెలలుగా పేపర్లో చదివి చదివి మాకూ ఇవి కంఠతా వచ్చేశాయి.

బాస్కెట్‌బాల్ మీద వచ్చే ఆదాయం ఏడాదికి దాదాపు 380 కోట్ల డాలర్లు. పాత ఒప్పందంలో అందులో 57 శాతం ఆటగాళ్లది. పోయిన సీజన్‌లో ముప్పై జట్లలో 22 నష్టపోయాయనీ, నష్టం మొత్తం 30 కోట్ల డాలర్లనీ యజమానులు చెబుతున్నారు. ఆ లెక్కను ఆటగాళ్లు ఒప్పుకోలేదు. సరే, యజమానులు చెప్పిందే నిజమనుకుందాం. ఆటగాళ్ల వాటా 57 నుంచి 50కి దిగితే ఏడాదికి దాదాపు 27 కోట్ల డాలర్లు యజమానుల వైపు వస్తాయి. మీరు నష్టమన్న దాంట్లో పది వంతుల్లో తొమ్మిది వంతులు ఆ ఒక్క మార్పుతోనే పూడిపోతాయి. మిగతా నిబంధనల్లో కాస్త పట్టు సడలిస్తే ఆ మాట మీదికి రావడానికి సిద్ధమేనని ఆటగాళ్లు ఈ నెలలోనే సూచించారు. అలాంటప్పుడు ఇంకా ఆట ఎందుకు ఆగింది?

నాకు అర్థమైనంత వరకు ఇప్పుడు మిగిలిన తగాదా ఇది. జీతాల పరిమితి బాగా దాటి లగ్జరీ ట్యాక్స్ అనే జరిమానా కట్టే జట్టు, మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ అనే వెసులుబాటుతో బయటి ఆటగాడిని తీసుకోవచ్చా, తీసుకుంటే ఎంత ఇవ్వొచ్చు, సైన్-అండ్-ట్రేడ్ (కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడితో పాత జట్టే సంతకం పెట్టించుకుని ఇంకో జట్టుకు పంపడం) ఆ జట్లకు ఉండాలా వద్దా. ఇవి చిన్న విషయాలని నేను అనను. ఒక మామూలు ఆటగాడికి నాలుగు జట్లు పోటీ పడతాయా, ఒకటే అడుగుతుందా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది. కానీ వీటి కోసం ఎంత పోగొట్టుకుంటున్నారో చూడండి. ఆటగాళ్ల జీతాలన్నీ కలిపితే ఏడాదికి 200 కోట్ల డాలర్లకు పైమాటే. ఆరు నెలల సీజన్‌లో ఒక నెల పోతే 35 కోట్ల డాలర్లు పోయినట్టే. ఆదాయంలో ఒక శాతం అంటే ఏడాదికి 4 కోట్ల లోపు. అంటే ఒక నెల ఆట వదిలేసుకుని ఆటగాళ్లు ఒక శాతం గెలిచినా, పోయింది వెనక్కి రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. ఈ లీగ్‌లో సగటు ఆటగాడి కెరీర్ దాంట్లో సగం ఉంటే ఎక్కువ. యజమానుల పరిస్థితి కూడా ఇంతే, టికెట్లు, పార్కింగ్, టీవీ డబ్బు అన్నీ ఆగిపోయాయి. గట్టు తగాదాతో అన్నదమ్ములు కోర్టు చుట్టూ తిరుగుతుంటే, ఆ ఏడు నాట్లు పడక చేను బీడయిపోవడం మా ఊళ్లో చూశాను. మీరు చేస్తున్నది అంతకన్నా వేరేగా నాకు కనిపించడం లేదు.

యజమానులకు నేరుగా రెండు మాటలు. ఈ కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టింది మీరే. 2007లో రషార్డ్ లూయిస్‌కి ఆరేళ్లకు దాదాపు 11.8 కోట్ల డాలర్లు ఇవ్వమని ఓర్లాండోని ఏ సంఘమూ బలవంతం చేయలేదు. పక్క జట్టు ఎక్కడ ఎగరేసుకుపోతుందోనన్న భయంతో మీలో మీరే రేట్లు పెంచుకున్నారు. ఇప్పుడు మీ చేతుల్ని మీరే కట్టేసుకునే నిబంధనలు కావాలంటున్నారు, వాటి ఖర్చు మాత్రం ఆటగాళ్ల వాటాలోంచి, మా సీజన్‌లోంచి తీస్తున్నారు. 1998 లాకౌట్‌లో మైకేల్ జోర్డాన్ గారు ఆటగాడు. జట్టు లాభంగా నడపలేకపోతే అమ్మేయమని వాషింగ్టన్ యజమాని ఏబ్ పోలిన్ గారికి మొహం మీదే చెప్పారాయన. ఈరోజు షార్లెట్ యజమానిగా అందరికన్నా గట్టి పట్టు పడుతున్నవాళ్లలో ఆయన పేరు వినిపిస్తోంది. జోర్డాన్ గారూ, అప్పుడు మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఇప్పుడూ ఉంది. కొనేవాళ్లు లేక కాదు కదా, పోయిన ఏడాదే గోల్డెన్ స్టేట్ 45 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

అసలు తగాదా యజమానుల మధ్యే ఉందని నా నమ్మకం. లాస్ ఏంజెలెస్ లేకర్స్ మొన్న ఫిబ్రవరిలో కుదుర్చుకున్న లోకల్ టీవీ ఒప్పందం ఇరవై ఏళ్లకు 300 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. మిల్వాకీకో, శాక్రమెంటోకో అలాంటి ఒప్పందం ఎప్పటికీ రాదు. ఆట ఇద్దరూ కలిసి ఆడితేనే టీవీలో చూపించడానికి ఏదైనా ఉంటుంది, డబ్బు మాత్రం ఒకరి దగ్గరే ఉండిపోతుంది. ఇది సరిచేయాల్సింది యజమానులు ఒకరితో ఒకరు కూర్చుని. మా మావెరిక్స్ కూడా ఉన్నవాళ్ల జట్టే. మా యజమాని మార్క్ క్యూబన్ గారు లగ్జరీ ట్యాక్స్ కడుతూనే ఈ కప్పు తెచ్చారు, ఆయనంటే మాకు ప్రాణం. అయినా చెబుతున్నాను, చిన్న ఊళ్ల జట్లకు మా ఊరి ఆదాయంలోంచి ఇంకా కొంత వెళ్లాలంటే వెళ్లనివ్వండి. మాకు ఆడటానికి ఎదురుగా ఇంకో జట్టు కావాలి. అదీకాక, చిన్న ఊరైతే గెలవలేరన్న మాటను శాన్ ఆంటోనియో నాలుగు కప్పులతో ఎప్పుడో తోసిపుచ్చింది. ఓక్లహోమా సిటీ మే నెలలో వెస్ట్ ఫైనల్ దాకా వచ్చి మాతో ఆడింది. బుద్ధిగా నడిపే వాళ్లున్న చోట జట్టు నిలబడుతోంది.

ఇప్పుడు ఆటగాళ్లకు. న్యాయం చాలావరకు మీ వైపే ఉందని నేను అనుకుంటున్నాను, అందుకే ఇది చెప్పే హక్కు నాకుంది. పోయిన సోమవారం న్యూయార్క్‌లో జట్ల ప్రతినిధులు కూర్చుని, డిసెంబర్ 15 నుంచి 72 మ్యాచ్‌లన్న ప్రతిపాదనను తోసేశారు. సంఘాన్ని రద్దు చేసుకుని కోర్టుకు వెళ్లారు. మీరు నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. అందరూ ఓటు వేయలేదు. కోట్లలో సంపాదించి పెట్టుకున్న స్టార్‌కీ, రెండో ఏడాదిలో ఉండి వచ్చే ఏడాది జట్టులో చోటు ఉంటుందో లేదో తెలియని కుర్రాడికీ ఒక నెల జీతం ఒకటి కాదు. నవంబర్ 15న రావాల్సిన మొదటి చెక్కు రాలేదు. ఆ కుర్రాడి ఓటు ఎటు పడేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అతన్ని అడగలేదు. ఫిషర్ గారూ, మీరు మర్యాదగా, ఓపిగ్గా మాట్లాడతారు, ఇన్ని నెలలుగా చూస్తున్నాం. మళ్లీ ఏ ప్రతిపాదన వచ్చినా అది ప్రతి ఆటగాడి చేతికీ వెళ్లాలి, ప్రతి ఆటగాడూ ఓటు వేయాలి.

మీరు ఆట మీద ప్రేమ లేక దూరంగా ఉన్నారని మేమనడం లేదు. ఆగస్టు 1న కెవిన్ డ్యురాంట్ న్యూయార్క్‌లో రకర్ పార్క్ కోర్టుకు వెళ్లి 66 పాయింట్లు కొట్టాడు. వీధి కోర్టు అది. ఆ వీడియో మా అమ్మాయి ఎన్నిసార్లు చూసిందో. ఇక్కడికి దగ్గర్లోనే, ద కాలనీ హైస్కూల్లో ఆడి పెరిగిన డెరాన్ విలియమ్స్ ఇప్పుడు ఇస్తాంబుల్‌లో బెషిక్‌తాష్‌కి ఆడుతున్నాడు. టోనీ పార్కర్ ఫ్రాన్స్ వెళ్లాడు. డర్క్ సెప్టెంబర్‌లో జర్మనీ తరఫున యూరోబాస్కెట్ ఆడి వచ్చాడు. బంతి దొరికిన ప్రతిచోటా ఆడుతున్నారు, మా ముందు తప్ప.

మీ రెండు పక్షాలూ పంచుకుంటున్న ఆ 380 కోట్లలో మా డబ్బు ఉంది. టికెట్, జెర్సీ, కేబుల్ బిల్లు సంగతి అలా ఉంచండి. మావెరిక్స్ ఆడే అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ కట్టడానికి దాదాపు 42 కోట్ల డాలర్లయితే 12.5 కోట్లు డల్లాస్ నగరం ఇచ్చింది. 1998 జనవరిలో జనం ఓటు వేసి ఒప్పుకున్నారు, అదీ బొటాబొటి తేడాతో. ఆ డబ్బు కోసం హోటల్ గదుల మీదా, అద్దె కార్ల మీదా పన్ను వేశారు. మమ్మల్ని చూడటానికి వచ్చి డల్లాస్‌లో కారు అద్దెకు తీసుకున్న మా చుట్టాలు కూడా ఆ ఎరీనాకి ఎంతో కొంత కట్టారు. ఇంకా ఎన్నో ఊళ్లలో ఇలాగే జరిగింది. కట్టనన్న ఊరికి ఏమైందో సియాటిల్‌ని అడగండి, 41 ఏళ్లు ఆడిన జట్టు 2008లో వెళ్లిపోయింది. ఎరీనా కట్టేటప్పుడు ఊరు భాగస్వామి అన్నారు. ఆట ఆపేటప్పుడు ఆ భాగస్వామిని ఎవరూ సంప్రదించలేదు.

మ్యాచ్ రాత్రులు ఆ ఎరీనాలో టికెట్లు చూసేవాళ్లు, సీట్ల దాకా తీసుకెళ్లేవాళ్లు, నాచోస్ కౌంటర్లలో నిలబడేవాళ్లు, పార్కింగ్‌లో జెండాలు ఊపేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి మ్యాచ్ ఉన్న రోజే పని. మావెరిక్స్‌కి సీజన్‌లో 41 హోమ్ మ్యాచ్‌లు. అక్కడే హాకీ కూడా ఆడతారు కాబట్టి ఎరీనా పూర్తిగా మూతపడలేదు, కానీ సగం పని పోయింది. మా సెక్షన్ దగ్గర ఒక పెద్దావిడ ఉంటారు, మేం పై అంతస్తులో ఎక్కడ కూర్చున్నా మా పిల్లల్ని గుర్తుపట్టి పలకరిస్తారు. ఈ నెల ఆవిడ ఎలా గడుపుతున్నారో నాకు తెలియదు. మీ చర్చల్లో ఆవిడ గురించి ఒక్క వాక్యం రాగా నేను వినలేదు. జూలైలో లీగ్ ఆఫీసే వంద మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేసింది. వాళ్లకి ఏ శాతమూ రాదు.

డబ్బు లెక్కకు అందనివి కూడా పోతున్నాయి. నవంబర్ 1న షికాగో బుల్స్ మా ఊరు రావాలి. ఆ రాత్రి ఛాంపియన్లకిచ్చే ఉంగరాలు ఇవ్వాలి, జట్టు చరిత్రలో మొదటి ఛాంపియన్‌షిప్ బ్యానర్ పైకి వెళ్లాలి. 1980లో పుట్టిన జట్టు ఇది, ముప్పై ఏళ్లు ఎదురుచూసిన అభిమానులున్నారు. ఆ సాయంత్రం ఏమీ జరగలేదు. ఇక ఎప్పుడు జరిగినా ఆ జట్టు అలాగే ఉండకపోవచ్చు. టైసన్ చాండ్లర్ కాంట్రాక్టు అయిపోయింది. జె.జె. బరేయాదీ, కారన్ బట్లర్‌దీ అంతే. ఫైనల్స్‌లో చాండ్లర్, బరేయా లేకపోతే కప్పు లేదు, అయినా వాళ్లు మా ముందు ఆ జెర్సీల్లో ఇంకోసారి నిలబడతారన్న నమ్మకం నాకు పోయింది. జేసన్ కిడ్‌కి 38 ఏళ్లు. ఇక్కడ ఆడి వెళ్లి, ఇంకా కప్పు ముట్టని స్టీవ్ నాష్‌కి 37. ఆ వయసులో పోయిన నెలలు ఏ ఒప్పందమూ తిరిగి ఇవ్వదు.

అక్టోబర్ 28 శుక్రవారం ఈ ఊరు మర్చిపోదు. ముందు రోజు రాత్రి మా బేస్‌బాల్ జట్టు రేంజర్స్ ఆ ఆట ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలవడానికి ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు నిలబడి పోగొట్టుకున్నారు. శుక్రవారం పగలు నవంబర్ మ్యాచ్‌లన్నీ రద్దని స్టెర్న్ గారు ప్రకటించారు. ఆ రాత్రి సెయింట్ లూయిస్‌లో ఏడో మ్యాచ్ కూడా పోయింది. రేంజర్స్ ఓడినందుకు ఏడ్చాం, కానీ ఎవరి మీదా కోపం రాలేదు. వాళ్లు ఆడి ఓడారు. ఆ రోజు కోపం వచ్చింది మీ మీద.

ఎన్‌బీఏ "న్యూక్లియర్ వింటర్"లోకి వెళ్తోందని స్టెర్న్ గారు అన్నారు. అలా చేతులెత్తేయాల్సిన అవసరం లేదు. కోర్టుకు వెళ్లినంత మాత్రాన మాట్లాడుకోకూడదని లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సంగతి ఈ ఏడాదే చూశాం. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు కూడా మార్చిలో సంఘాన్ని రద్దు చేసుకుని కోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ఇరువైపులా కూర్చుని జూలైలో తేల్చుకున్నారు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ పోలేదు. రెండో దారి కూడా మా ఎరీనాకి తెలుసు. 2004-05లో హాకీ లీగ్ లాకౌట్‌తో సీజన్ మొత్తం పోయింది, డల్లాస్ స్టార్స్ ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1999లో మీరు యాభై మ్యాచ్‌లు మూడు నెలల్లో కుక్కినప్పుడు కొన్ని జట్లు వరసగా మూడు రాత్రులు ఆడాయి, లీగ్ సగటు స్కోరు 91.6 పాయింట్లకు పడిపోయింది. అలసిపోయిన కాళ్లతో ఆడిన ఆ ఆట ఎలా ఉందో అప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు.

కాబట్టి మేం అడిగేది ఇది. రేపు సోమవారం ఒకరికొకరు ఫోన్ చేసుకోండి, లాయర్ల ద్వారా అయితే లాయర్ల ద్వారానే. ఆటగాళ్ల వాటా 50 శాతం దగ్గర స్థిరపడిందని ఇద్దరూ ఒప్పేసుకుని దాన్ని పక్కన పెట్టండి. మిడ్-లెవెల్, సైన్-అండ్-ట్రేడ్ విషయాల్లో యజమానులు ఒక మెట్టు దిగండి, చిన్న జట్లను ఆదుకునే డబ్బు పెద్ద జట్ల దగ్గరి నుంచి తెచ్చుకోండి. కుదిరిన ఒప్పందాన్ని ఆటగాళ్లందరి ఓటుకూ పెట్టండి. రద్దయిన రాత్రులకు ఎరీనాల్లో పనిచేసేవాళ్లకు రావాల్సిన కూలీ రెండు పక్షాలూ కలిసి ఇవ్వండి. శుక్రవారం రాత్రి దాకా టైమ్ ఉంది.

ఇట్లు,
ఒక మావెరిక్స్ అభిమాని